బ్రోచర్‌లో హార్స్‌పవర్, రోడ్డు మీద టార్క్

బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) పెంచిన కారు 2021 జనవరిలో మన దేశంలో విడుదలైనప్పుడు రెండు ఇంజన్లతో వచ్చింది. 330ఎల్‌ఐ అనే పెట్రోల్ కారుకు 258 హార్స్‌పవర్, 320ఎల్‌డీ అనే డీజిల్ కారుకు 190. టార్క్ మాత్రం రెండింటికీ ఒకటే, 400 న్యూటన్ మీటర్లు. బ్రోచర్‌లో ఈ రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా ఒక అనుమానం రావాలి. తిప్పే బలం రెండింటిలోనూ ఒకటే అయినప్పుడు పెట్రోల్ కారుకు ఆ 68 హార్స్‌పవర్ ఎక్కడి నుంచి ఎక్కువ వచ్చింది? వచ్చింది సరే, చెన్నై రోడ్ల మీద అది ఎప్పుడు పనికొస్తుంది?

ఈ కారు కూర్చేది చెన్నై పక్కనే. జీఎస్‌టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు మీద తాంబరం దాటి చెంగల్పట్టు వైపు వెళ్తే వచ్చే మహీంద్రా వరల్డ్ సిటీలో 2007 మార్చి నుంచి బీఎండబ్ల్యూ ప్లాంటు నడుస్తోంది. జర్మనీ నుంచి పెట్టెల్లో వచ్చిన భాగాలను ఇక్కడ బిగిస్తారని చాలామంది అనుకుంటారు. అది కొంతవరకే నిజం. ఇంజన్, గేర్‌బాక్స్ కూర్పు ఫోర్స్ మోటార్స్ చూస్తుంది, యాక్సిల్స్ జెడ్‌ఎఫ్ హీరో నుంచి వస్తాయి, సీట్లు లియర్ నుంచి, ఎగ్జాస్ట్ టెన్నెకో నుంచి. టీ నగర్‌లోనో అణ్ణా నగర్‌లోనో స్థిరపడి, పండగకో పెళ్లికో నెల్లూరు, ఒంగోలు, తిరుపతి వెళ్లొచ్చే తెలుగు కుటుంబాలకు ఈ తరగతి కారు ఇప్పుడు అందుబాటులోకి వచ్చింది. షోరూమ్‌లో వాళ్లడిగే ప్రశ్నలు మాత్రం చాలావరకు రెండే: పికప్ ఎంత, మైలేజీ ఎంత. అరకోటి పైన పోసి కొనే యంత్రాన్ని ఒక్క అంకెతో తేల్చేయడం అన్యాయం. ఆ పట్టికలోని వరుసలను ఒకదానితో ఒకటి కలిపి చదివితేనే కారు గుణం తెలుస్తుంది.

ముందు ఆ 68 సంగతి. టార్క్ అంటే షాఫ్టును తిప్పే బలం. ఆ బలంతో నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పగలదన్నది కూడా లెక్కలోకి తీసుకుంటే అది పవర్. లెక్క చాలా సులువు: టార్క్‌ను ఆర్‌పీఎంతో (నిమిషానికి తిరిగే చుట్లతో) గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. ఒక కిలోవాటు దాదాపు 1.36 హార్స్‌పవర్. ఈ సూత్రాన్ని రెండు ఇంజన్లకూ వేసి చూడొచ్చు. పెట్రోల్ ఇంజన్ 1,550 ఆర్‌పీఎం నుంచి 4,400 దాకా 400 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. డీజిల్ 1,750 నుంచి 2,500 దాకా మాత్రమే ఇస్తుంది. 2,000 ఆర్‌పీఎం దగ్గర రెండూ 400 ఇస్తున్నాయి కాబట్టి రెండింటి పవరూ దాదాపు 84 కిలోవాట్లు, అంటే 114 హార్స్‌పవర్. ఇక్కడ ఒక్క హార్స్‌పవర్ కూడా తేడా లేదు. 258 అని రాసిన కారూ, 190 అని రాసిన కారూ ఆ క్షణంలో సమానం.

తేడా 2,500 దాటాక మొదలవుతుంది. అక్కడి నుంచి డీజిల్ టార్క్ జారిపోతుంది. 4,000 దగ్గర 190 హార్స్‌పవర్ వచ్చేసరికి దాని టార్క్ దాదాపు 334కు దిగి ఉంటుంది, ఆ పైన ఇంజన్‌కు ఊపిరి ఉండదు. పెట్రోల్ ఇంజన్ అదే 400ను 4,400 దాకా పట్టుకుని వెళ్తుంది. అక్కడికే 250 హార్స్‌పవర్ అయిపోతుంది. 5,000 దగ్గర 258 అందుకుని, 6,500 దాకా దాన్ని అలాగే నిలుపుతుంది. చివర్లో టార్క్ 279కి పడిపోయినా చుట్లు పెరిగాయి కాబట్టి పవర్ తగ్గదు. ఆ 68 హార్స్‌పవర్ పుట్టుక అంతా ఈ పై సగంలోనే ఉంది.

ఇప్పుడు కత్తిపారా ఫ్లైఓవర్ ఎక్కడానికి వరుసలో నిలబడ్డ కారునో, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఒక సిగ్నల్ నుంచి ఇంకో సిగ్నల్‌కు పోతున్న కారునో తీసుకుంటే, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ దాన్ని 1,200 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్యే ఉంచుతుంది. ఈ పరిధిలో తిరిగినంతసేపూ పెట్రోల్ కారు యజమానికి ఆ 68 అందవు. అవి ఉన్నాయని తెలియడానికి సూది 3,000 దాటాలి. మాధవరం, రెడ్‌హిల్స్ దాటి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కాక, గుమ్మిడిపూండి దగ్గర కంటైనర్ లారీల వరుసను దాటాల్సి వచ్చినప్పుడు అవి కనిపిస్తాయి.

మరి 0 నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకునే సమయం? పెట్రోల్ 330ఎల్‌ఐకి కంపెనీ చెప్పింది 6.2 సెకన్లు, డీజిల్ 320ఎల్‌డీకి 7.6. టార్క్ ఒకటే అయినా 1.4 సెకన్ల తేడా. ఎందుకంటే ఆ పరీక్షలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ప్రతి గేరులోనూ ఇంజన్‌ను పై చివరిదాకా లాగుతారు. అక్కడ లెక్కకొచ్చేది పవరే. దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ మెర్సిడెస్ సీ క్లాస్‌లో దొరుకుతుంది. 2022లో వచ్చిన సీ 200 పెట్రోల్ కారులో 1.5 లీటర్ల ఇంజన్, 204 హార్స్‌పవర్, 300 న్యూటన్ మీటర్లు. సీ 220డీ డీజిల్‌లో 200 హార్స్‌పవర్, 440 న్యూటన్ మీటర్లు. టార్క్‌లో 140 తేడా ఉంది. అయినా 0 నుంచి 100కు రెండింటికీ కంపెనీ ఇచ్చిన సమయం ఒకటే, 7.3 సెకన్లు. ఒక జంటలో టార్క్ సమానం, పవర్ వేరు, సమయం వేరు. ఇంకో జంటలో పవర్ దాదాపు సమానం, టార్క్ వేరు, సమయం సమానం. పూర్తిగా తొక్కినప్పుడు కారు ఎంత వేగంగా పోతుందో పవర్ చెబుతుంది. సగం తొక్కినప్పుడు ఎంత హాయిగా కదులుతుందో టార్క్, అది మొదలయ్యే ఆర్‌పీఎం చెబుతాయి. ఊళ్లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కే సందర్భం ఎన్నిసార్లు వస్తుందో ఎవరి లెక్క వాళ్లు వేసుకోవచ్చు.

ఇంజన్ కొలతల్లో చాలామంది చూడకుండా వదిలేసే వరుస ఒకటుంది: బోర్, స్ట్రోక్. అంటే సిలిండర్ వ్యాసం, పిస్టన్ ప్రయాణించే దూరం. 330ఎల్‌ఐలోని బీ48 ఇంజన్‌కు ఇవి 82 మిల్లీమీటర్లు, 94.6 మిల్లీమీటర్లు. ఒక్కో సిలిండర్ పరిమాణం లెక్కగడితే దాదాపు 499.6 సీసీ వస్తుంది. నాలుగుతో గుణిస్తే 1,998 సీసీ. 3 సిరీస్‌లోనే ఇంకా బలమైన ఎం340ఐ కారులోని ఆరు సిలిండర్ల బీ58 ఇంజన్ కొలతలూ సరిగ్గా ఇవే. ఆరుతో గుణిస్తే 2,998. మినీ కూపర్‌లోని మూడు సిలిండర్ల ఇంజనూ ఇదే సిలిండర్‌తో 1,499 సీసీ. అంటే ఇంజనీర్లు ముందు ఒక మంచి సిలిండర్‌ను తయారు చేసుకుని, దాన్నే మూడు, నాలుగు, ఆరు చొప్పున పేర్చుకున్నారన్నమాట. అర లీటరు సిలిండర్‌ను ఎంచుకోవడం ఊరికే జరిగింది కాదు. సిలిండర్ మరీ చిన్నదైతే లోపలి గోడల ద్వారా వేడి ఎక్కువ పోతుంది. మరీ పెద్దదైతే మంట అంచులదాకా పాకేలోపే మిగిలిన మిశ్రమం దానంతటదే పేలి నాకింగ్ వస్తుంది. బోర్ కంటే స్ట్రోక్ పొడవుగా ఉండటం వల్ల తక్కువ ఆర్‌పీఎంలో ఇంధనం బాగా కాలుతుంది. డీజిల్ బీ47కి 84, 90 మిల్లీమీటర్లు, మొత్తం 1,995 సీసీ. పాత రోజుల్లో 'రెండు లీటర్ల ఇంజన్' అంటే ఒక హోదా. ఇప్పుడు అదే రెండు లీటర్లలో 190 కూడా వస్తుంది, 258 కూడా వస్తుంది. సీసీ చూసి కారు సత్తా అంచనా వేసే కాలం పోయింది.

ఆ మార్పు తెచ్చింది టర్బో, అంటే ఇంజన్ పొగ ఊపుతో టర్బైన్‌ను తిప్పి, గాలిని నొక్కి సిలిండర్లలోకి పంపే ఏర్పాటు. బీఎండబ్ల్యూ తన ఇంజన్లన్నిటికీ 'ట్విన్‌పవర్ టర్బో' అని పేరు పెట్టడంతో పెట్రోల్ కారులో రెండు టర్బోలు ఉన్నాయని షోరూమ్‌లోనే కొందరు చెప్పేస్తుంటారు. అలా కాదు. బీ48లోనూ, బీ58లోనూ ఉన్నది ఒకే టర్బో. దాని లోపలికి వచ్చే దారి రెండు పాయలుగా చీలి ఉంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒకటి, నాలుగు నంబర్ల నుంచి వచ్చే పొగ ఒక పాయలో, రెండు, మూడు నంబర్లది ఇంకో పాయలో పోతుంది. వెంటవెంటనే పేలే సిలిండర్ల పొగ ఒకదాన్నొకటి వెనక్కి తోయకుండా టర్బైన్‌ను వరుసగా కొడుతుంది. 400 న్యూటన్ మీటర్లు 1,550 ఆర్‌పీఎంకే రావడానికి ఇదే పెద్ద కారణం. నిజంగా రెండు దశల్లో టర్బో ఏర్పాటు ఉన్నది డీజిల్‌లో.

ఇక్కడ చెన్నై వాతావరణం గురించి చెప్పకపోతే సగం చెప్పినట్టే. ఇంజన్ పవర్ పరీక్షలు ఓ మోస్తరు ఉష్ణోగ్రతకు సరిచూసి ప్రకటిస్తారు, అది సాధారణంగా 25 డిగ్రీలు. రోహిణి కార్తె ఎండల్లో చెన్నైలో 40 డిగ్రీలు మామూలే. 25 నుంచి 40కి వెళ్తే గాలి సాంద్రత దాదాపు 5 శాతం తగ్గుతుంది. గాలి పలచనైతే దానిలో ఆక్సిజన్ తక్కువ. బెంగళూరుకు వేరే ఇబ్బంది ఉంది. సముద్ర మట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉండటంతో అక్కడ గాలి పీడనమే పదో వంతు తక్కువ. టర్బో లేని పాత కారు చెన్నై నుంచి బెంగళూరు చేరేసరికి ఇంచుమించు ఆ మేరకు బలం పోగొట్టుకుంటుంది. టర్బో ఇంజన్ తన టర్బైన్‌ను ఇంకాస్త వేగంగా తిప్పుకుని ఆ లోటు పూడ్చుకుంటుంది. అందుకే ఘాట్లలోనూ, ఎత్తైన ఊళ్లలోనూ ఈ తరం కార్లు అలసినట్టు అనిపించవు.

ఎండ విషయంలో టర్బోకూ పరిమితి ఉంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఆ వేడిని ఇంటర్‌కూలర్ దించాలి. ఇంటర్‌కూలర్ బయటి గాలి కంటే చల్లగా చేయలేదు కదా. ఎం340ఐలోని ఆరు సిలిండర్ల ఇంజన్‌లో ఈ ఇంటర్‌కూలర్‌ను ఇన్‌టేక్ గొట్టంలోనే పెట్టి నీళ్లతో చల్లబరుస్తారు. దారి చిన్నదై స్పందన చురుగ్గా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం గిండీ దగ్గర అరగంట నిలబడి, ఆ వెంటనే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఏ టర్బో పెట్రోల్ కారైనా మొదటి క్షణాల్లో బ్రోచర్‌లో రాసినంత ఇవ్వదు. లోపలికి వచ్చే గాలి వేడిగా ఉందని సెన్సార్లు చెప్పగానే కంప్యూటర్ స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేస్తుంది. ఇది లోపం కాదు, పిస్టన్లను కాపాడుకునే ఏర్పాటు.

పెట్రోల్ నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె, ఆక్టేన్, కూడా ఇక్కడే వస్తుంది. జర్మనీలో బంకులో దొరికే మామూలు పెట్రోల్ 95 ఆక్టేన్. మన దగ్గర చాలాకాలం మామూలు పెట్రోల్ 91తోనే ఉంది. అందుకే అప్పట్లో ఇలాంటి ఇంజన్లకు 95 పోయించుకోవడం దండగ ఖర్చు కాదు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వచ్చాక లెక్క కొంచెం మారింది. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, కాబట్టి నాకింగ్ భయం తగ్గుతుంది. లీటరుకు శక్తి మాత్రం పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే. ఆ మిశ్రమం లీటరులో శక్తి దాదాపు 7 శాతం తక్కువ పడుతుంది. మైలేజీ తగ్గిందని సర్వీస్ సెంటర్‌తో గొడవపడే ముందు ఈ 7 శాతాన్ని తీసేసి చూడాలి.

ఇక గేర్‌బాక్స్. ఈ కారులో నిజంగా మెచ్చుకోవలసిన భాగం ఏదంటే, ఇంజన్ కంటే ముందు దీని పేరే చెప్పాలి. దీన్ని తయారు చేసేది బీఎండబ్ల్యూ కాదు. జెప్పెలిన్ అనే గాలి ఓడలకు పళ్లచక్రాలు చేయడం కోసం 1915లో పుట్టిన జెడ్‌ఎఫ్ అనే జర్మన్ సంస్థ. దాని ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ 2009లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లో మొదటిసారి వచ్చింది. తర్వాత జాగ్వార్, ఆడి, రోల్స్ రాయిస్ దాకా పాకింది. లోపల నాలుగు ప్లానెటరీ గేర్ సెట్లు, వాటిని పట్టి వదలడానికి క్లచ్‌లు, బ్రేకులు కలిపి అయిదు. ఏ గేరులో ఉన్నా ఈ అయిదింటిలో మూడు బిగిసి, రెండే వదులుగా ఉంటాయి. వదులుగా తిరిగేవి తక్కువైతే రాపిడి తక్కువ, వృథా తక్కువ. పక్క గేరుకు మారాలంటే ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకుంటే చాలు. అందుకే గేరు మారినట్టు వెనక సీట్లో కూర్చున్న పెద్దవాళ్లకు తెలియదు.

ఇదే ఇంజన్ ఉన్న మామూలు వీల్‌బేస్ 330ఐకి కంపెనీ అంతర్జాతీయంగా ప్రకటించిన గేర్ నిష్పత్తులతో చిన్న లెక్క వేస్తే పట్టికలోని పొడి అంకెలకు ప్రాణం వస్తుంది. మొదటి గేరు 5.25, నాలుగోది 1.72, ఆరోది 1.00, ఎనిమిదోది 0.64, వెనక డిఫరెన్షియల్ 2.81. నట్టు విప్పడానికి పొడవైన పానా పట్టుకున్నప్పుడు చెయ్యి ఎక్కువ దూరం తిరగాలి, కానీ బలం పెరుగుతుంది. గేరు చేసేదీ అదే పని. ఇంజన్ 400 ఇస్తుంటే మొదటి గేరులో వెనక చక్రాల దగ్గరికి చేరేది 400 గుణించు 5.25 గుణించు 2.81, అంటే దాదాపు 5,900 న్యూటన్ మీటర్లు. ఎనిమిదో గేరులో 720 మాత్రమే. 18 అంగుళాల చక్రానికి 225/45 టైరు అనుకుంటే, మొదటి గేరులో రోడ్డును వెనక్కి తోసే బలం 1,800 కిలోల బరువుకు సమానమవుతుంది. కారు బరువే దాదాపు 1,600 కిలోలు. దానిలో ఇంచుమించు సగమే వెనక చక్రాల మీద ఉంటుంది. పొడి రోడ్డు మీద కూడా టైరు అంత బలాన్ని పట్టుకోలేదు, ట్రాక్షన్ కంట్రోల్ అడ్డుపడి ఇంజన్‌ను తగ్గిస్తుంది. మొదటి గేరులో హద్దు గీసేది ఇంజన్ కాదు, టైరు. సిగ్నల్ దగ్గర నుంచి ఎగిరిపడటానికి ఇంకో 50 హార్స్‌పవర్ ఉంటే బాగుండు అనుకోవడంలో అర్థం లేదని ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

సూళ్లూరుపేట దాటి 100 కిలోమీటర్ల వేగంతో నెల్లూరు వైపు పోతున్నప్పుడు చక్రం నిమిషానికి సుమారు 810 చుట్లు తిరుగుతుంది. ఎనిమిదో గేరులో ఇంజన్ అప్పుడు 1,460 ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది. కారులో అంత నిశ్శబ్దం ఉండటానికీ, హైవే మైలేజీ బాగుండటానికీ కారణం ఇదే. ఈ 1,460 అన్నది పూర్తి టార్క్ మొదలయ్యే 1,550కి కొద్దిగా కింద. ముందున్న లారీని దాటాలని తొక్కగానే గేర్‌బాక్స్ ఎనిమిది నుంచి నేరుగా నాలుగుకు దిగగలదు. అక్కడ ఇంజన్ 3,900 దాటుతుంది. టార్క్ అదే 400. పవర్ మాత్రం 165 కిలోవాట్లు, అంటే 220 హార్స్‌పవర్ పైన. ఎనిమిదో గేరులోనే ఉండిపోయి ఉంటే 80 కూడా దక్కేది కాదు. ఇంజన్ పవర్‌ను రోడ్డు మీదికి తెచ్చింది గేర్‌బాక్స్ తెలివి. ఇదే ఇంజన్‌కు మందకొడి గేర్‌బాక్స్ తగిలిస్తే 258 అంకె అలాగే ఉంటుంది, ఓవర్‌టేక్ మాత్రం టెన్షన్ పెడుతుంది.

చెన్నై ట్రాఫిక్‌కు ఈ జెడ్‌ఎఫ్‌లాగా టార్క్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న ఆటోమేటిక్ నప్పినట్టు ఇంకేదీ నప్పదు. ఆడి ఏ4లో ఉన్న డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్ వేగంగా పోతున్నప్పుడు చాలా చురుగ్గా మారుతుంది. అంగుళం అంగుళం జరిగేటప్పుడు మాత్రం క్లచ్ జారుతూ పనిచేయాలి, ఆ జారుడే వేడి. టార్క్ కన్వర్టర్‌లో ఆ జారుడు నూనెలో జరుగుతుంది. అరిగే పలకలు లేవు. పైగా కదిలే క్షణంలో టార్క్‌ను కొంత పెంచి ఇస్తుంది కూడా. కారు కాస్త కదిలాక లాక్ అయిపోయి నేరుగా కలిసి తిరుగుతుంది కాబట్టి పాత ఆటోమేటిక్‌ల మైలేజీ అపవాదు దీనికి వర్తించదు.

చక్రాల విషయానికొస్తే, 330ఎల్‌ఐలోనూ 320ఎల్‌డీలోనూ బలం వెనక చక్రాలకే పోతుంది. ముందు చక్రాలు కారును మలుపు తిప్పే పని మాత్రం చూసుకుంటాయి, స్టీరింగ్ అందుకే శుభ్రంగా ఉంటుంది. వీల్‌బేస్ 2,961 మిల్లీమీటర్లు, మామూలు 3 సిరీస్ కంటే 110 ఎక్కువ. డ్రైవర్‌ను పెట్టుకుని వెనక కూర్చునే కుటుంబాలకు ఈ 110 మిల్లీమీటర్లు 68 హార్స్‌పవర్ కంటే ఎక్కువ విలువైనవి.

ఎం340ఐ కథ వేరు. 2021 మార్చిలో వచ్చిన ఈ కారు బీఎండబ్ల్యూ వేగవంతమైన కార్ల వరుస 'ఎం పెర్ఫార్మెన్స్'లో మన దేశంలో కూర్చిన మొదటి మోడల్. అప్పుడు దాని పవర్ 387 హార్స్‌పవర్, టార్క్ 500, 100 కిలోమీటర్ల వేగానికి 4.4 సెకన్లు. తర్వాత మార్పులతో వచ్చిన కారులో పవర్ 374కు తగ్గింది, టార్క్ 500గానే ఉంది, సమయం కూడా 4.4గానే ఉంది. 13 హార్స్‌పవర్ పోయిందని బాధపడినవాళ్లు ఈ మూడో అంకె చూడలేదు. ఇక్కడ నాలుగు చక్రాలకూ బలం ఇచ్చే ఎక్స్‌డ్రైవ్ తప్పనిసరి. పైన వేసిన లెక్కే 500 న్యూటన్ మీటర్లకు వేస్తే వెనక టైర్లు రెండే మోయలేని బలం వస్తుంది. మామూలుగా ఎక్కువ భాగం వెనక్కే ఇస్తూ, అవసరమైనంత మేర ఒక మల్టీప్లేట్ క్లచ్ ద్వారా ముందుకు పంపుతుంది.

ఆరు సిలిండర్ల ఇంజన్ గొప్పతనం వేగంలో ఉందనుకోవడం దాన్ని తక్కువ చేయడమే. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో పిస్టన్ల కదలిక వల్ల ఇంజన్ చుట్టుకు రెండు సార్లు పైకీ కిందికీ కుదిపే బలం మిగిలిపోతుంది. దాన్ని ఆపడానికి ఎదురు తిరిగే బ్యాలెన్స్ షాఫ్టులు పెడతారు. ఒకే వరుసలో ఆరు సిలిండర్లుంటే ఆ బలాలన్నీ వాటంతటవే ఒకదానికొకటి చెల్లిపోతాయి. పేలుళ్లు కూడా 180 డిగ్రీలకు బదులు 120 డిగ్రీలకొకటి వస్తాయి. అందుకే ఆరు సిలిండర్ల ఇంజన్ 6,000 దాటినా కంపించదు, గొంతు మారుతుందంతే. ఈ అనుభూతి ఏ పట్టికలోనూ వరుసగా ఉండదు. ఈ మోడల్‌కు పెట్టే అదనపు డబ్బుకు న్యాయమైన కారణం అదొక్కటే.

ఎక్స్‌డ్రైవ్ గురించి చెన్నైలో ఒక ప్రమాదకరమైన అపోహ ఉంది. నాలుగు చక్రాలకూ పవర్ ఉంది కాబట్టి వానాకాలంలో నీళ్లలోకి ధైర్యంగా దించొచ్చని అనుకుంటారు. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులో మునిగిన కార్లలో ఖరీదైనవీ ఉన్నాయి. ఎక్స్‌డ్రైవ్ జారే రోడ్డు మీద పట్టు ఇస్తుంది. నీటి లోతుకు దానితో సంబంధం లేదు. ఎయిర్ ఇన్‌టేక్ దాకా నీళ్లు వచ్చి సిలిండర్‌లోకి దూరితే, నీరు గాలిలాగా నొక్కుకుపోదు కాబట్టి పిస్టన్ ఆగిపోయి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. సెడాన్ ఎత్తు తక్కువ, ఆ ముప్పు ఎక్కువ. నీళ్లలో కారు ఆగిపోతే మళ్లీ స్టార్ట్ బటన్ నొక్కకూడదు. ఆగాక తిప్పకుండా వదిలేసిన ఇంజన్‌ను బాగు చేయొచ్చు, మళ్లీ తిప్పిన ఇంజన్‌ను మార్చాల్సిందే కావచ్చు. మామూలు ఇన్సూరెన్స్‌లో ఈ నష్టం తరచూ రాదు, ఇంజన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోవాలి. వేళచ్చేరిలోనో ముడిచ్చూరులోనో ఉండేవాళ్లకు ఇది హార్స్‌పవర్ కంటే ముందు తేల్చుకోవలసిన విషయం.

డీజిల్ కొనాలా అన్న ప్రశ్నకూ జవాబు ప్రయాణంలోనే ఉంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక ప్రతి డీజిల్ కారుకూ మసి పట్టే ఫిల్టర్ తప్పనిసరి అయింది. పోగైన మసిని కాల్చేయాలంటే ఎగ్జాస్ట్ 550, 600 డిగ్రీల దాకా వేడెక్కాలి, అది హైవే మీద కొంతసేపు ఆగకుండా పోతేనే కుదురుతుంది. ఇంటి నుంచి పిల్లల బడికి, అక్కడి నుంచి ఆఫీసుకు నాలుగైదు కిలోమీటర్ల చొప్పున తిరిగే కారుకు డీజిల్ శిక్షే. నెలకు రెండుసార్లు విజయవాడ వెళ్లొచ్చే కుటుంబానికి మాత్రం 1,750 నుంచి దొరికే ఆ 400 న్యూటన్ మీటర్లు, తక్కువ ఇంధనంతో, అచ్చంగా సరిపోతాయి. అలాంటివాళ్లు 258 చూసి పెట్రోల్ తీసుకుంటే ఎక్కువ సమయం 1,500 ఆర్‌పీఎం దగ్గర గడిపి, ఇంధనానికి ఎక్కువ కట్టి, పై సగాన్ని అరుదుగా తాకుతారు.

ఈ కార్లు సెకండ్‌హ్యాండ్‌లో కూడా ఇప్పుడు బాగా దొరుకుతున్నాయి కాబట్టి ఇంకొకటి. గేర్‌బాక్స్ నూనె జీవితకాలం మార్చక్కర్లేదని కారు కంపెనీలు చెప్పే మాట చాలామంది నమ్ముతారు. గేర్‌బాక్స్ తయారు చేసే జెడ్‌ఎఫ్ మాత్రం వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు, నూనె మార్చమని అంటుంది. ఈ గేర్‌బాక్స్‌లో నూనె ఫిల్టర్, అడుగు పళ్లెం ఒకే ప్లాస్టిక్ భాగంగా ఉంటాయి, రెండూ కలిపే మార్చాలి. నూనె పోసేటప్పుడు దాని ఉష్ణోగ్రత నిర్ణీత పరిధిలో ఉండగానే మట్టం చూడాలి, కాబట్టి ఈ పని తెలిసిన చోటే చేయించాలి. వేడీ, ట్రాఫిక్ రెండూ ఎక్కువగా ఉన్న చెన్నైలో తిరిగిన కారైతే ఆ పరిధిలో కింది అంకెనే తీసుకోవడం క్షేమం. 90,000 కిలోమీటర్లు తిరిగిన కారు చూడటానికి వెళ్తే సర్వీస్ చరిత్రలో ఈ నూనె మార్చిన బిల్లు ఉందో లేదో అడగాలి. లేకపోతే, 40 కిలోమీటర్ల లోపు వేగంలో మెల్లగా నడిపి మూడు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు తన్నినట్టు అనిపిస్తోందా అని చూసి, నూనె, పళ్లెం ఖర్చును ధరలో తగ్గించుకోవాలి.